ఇగుర్లకూ గుండెకూ ఏం పొత్తు

ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టేవాళ్లు ఎక్కువగా ఉండే ఒక గల్లీ ఉంది. ఆ గల్లీలో ఎవరికి ఏ సందేహం వచ్చినా రామవ్వను అడుగుతారు. రామవ్వకు సందేహం వస్తే మాత్రం గల్లీ సరిపోదు. యాభై ఏడేళ్ల మనిషి. పదకొండో ఏట బీడీల చాట ఒళ్లోకి తీసుకుంది, ఇంకా దించలేదు. చదువు రెండో తరగతిలోనే ఆగింది గానీ "ఎందుకు" అని అడగడం ఆగలేదు. తునికాకు నానబెట్టిన నీళ్లు ఎర్రబడతాయెందుకు, బస్సు పోతుంటే అద్దం మీది వాన చినుకులు కిందికి జారకుండా పక్కకు పాకుతాయెందుకు, కోడి నీళ్లు తాగిన ప్రతిసారీ తల పైకెత్తుతుందెందుకు. ఈ కోడలికి బువ్వ లేకున్నా నడుస్తుంది, జవాబు లేకుంటే నడవదని అత్త బతికున్నన్నాళ్లు అందరితో చెప్పుకునేది. భర్త పర్శరాములు రైసుమిల్లులో హమాలీ. ఫ్యాను తిరిగితే తిరిగిందంటాడు, ఆగితే ఆగిందంటాడు, అంతకు మించి ఆయనకు లోకంతో పేచీ లేదు. అలాంటి ఇద్దరికి ముప్పై ఎనిమిదేళ్లుగా ఎలా పొసగిందో గల్లీలో ఎవరికీ తెలియదు.

గల్లీలో ఆమెకు పేరు తెచ్చింది ప్రశ్నలు కాదు, పళ్లు తోముకునే పండ్లపొడి. బీడీలు చుట్టగా చాట అడుగున తంబాకు దుమ్ము మిగులుతుంది. దాన్ని రామవ్వ ఊడ్చి పారేయదు. మక్కలు వేయించే పాత మంగలంలో వేసి నల్లగా మాడుస్తుంది, ఉప్పూ పటికా కలిపి మెత్తగా నూరుతుంది. నాగిరెడ్డిపేటలో ఆమె తల్లి చేసేది, తల్లికి వాళ్ల తల్లి నేర్పింది. వేలితో ఇంత తీసుకుని చిగుళ్లకు రాస్తే కాసేపటికి నోరంతా తిమ్మిరెక్కి నొప్పి ఎటు పోయిందో తెలియదు. పన్ను సలుపుతున్నదని దవాఖానకు పోతే ఒక పూట పోతుంది, పూట పోతే అయిదారు వందల బీడీలు పోతాయి. అందుకని గల్లీలో ఇరవై ఇండ్లవాళ్లు రామవ్వ పొడే వాడేవారు. ఎవరొచ్చినా డబ్బా మూత తీసి పొట్లం కట్టి ఇచ్చేది, పైసా తీసుకునేది కాదు. తన చేతి పొడితో ఇంతమంది నొప్పి తగ్గుతున్నదని ఆమెకు లోలోపల చాలా గొప్పగా ఉండేది. ఉండదా మరి?

ఆ పొడి అందరికంటే ఎక్కువగా వాడింది ఈరవ్వ. గోడకు గోడ ఆనుకున్న ఇల్లు. రామవ్వకంటే మూడేళ్లు పెద్ద. ముప్పై ఏళ్లు ఇద్దరూ ఒకే గచ్చు మీద, ఒకే నీడలో కూర్చుని బీడీలు చుట్టారు. రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం ఈరవ్వ చేతిలోని ఆకు జారిపోయింది, మూతి ఒక పక్కకు పోయింది. పక్షవాతం అన్నారు. మాట చాలావరకు తిరిగొచ్చింది, కాలు ఈడుస్తూ నాలుగడుగులు వేస్తుంది, కుడి చెయ్యి మాత్రం చచ్చుబడే ఉంది. కొడుకు నగేశ్ దుబాయిలో ఉంటాడు, కోడలు వినీత పొద్దున్నే పనిలో పడుతుంది. అందుకని ఆ రెండేళ్లుగా రామవ్వ పొద్దున లేవగానే మొదటి పని ఈరవ్వ ఇంటికి పోవడం. ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టి, తన చూపుడు వేలికి పొడి అద్దుకుని, పై చిగురూ కింది చిగురూ నిదానంగా రుద్ది, పుక్కిలించడానికి నీళ్లందించి, మూతి తుడిచి వచ్చేది. పాలవాడు తప్పిన రోజులున్నాయి గానీ రామవ్వ తప్పిన రోజు లేదు. నీ వేలు పెట్టందే నాకు తెల్లారినట్టే ఉండదని ఈరవ్వ అనేది.

పోయిన కార్తీకంలో ఆశా కార్యకర్త కళ్యాణి బీపీ మిషను పట్టుకుని గల్లీకి వచ్చింది. వరసగా అందరి దండచేతులకూ పట్టీ చుట్టి చూస్తున్నది. రామవ్వ వంతు వచ్చేసరికి మిషను మూలన చిన్న గుండె బొమ్మ టపటపా ఆరుతూ వెలుగుతూ ఉంది. కళ్యాణి మిషను పాడైందనుకుని బ్యాటరీలు మార్చింది. మళ్లీ అదే బొమ్మ. పర్శరాములుకు పెట్టి చూస్తే రాలేదు, తనకు పెట్టుకుంటే రాలేదు, రామవ్వకు పెడితే వచ్చింది. ఈ మిషనుకు నువ్వంటే పడదు పెద్దమ్మా అని కళ్యాణి నవ్వి, కాయితం మీద బీపీ మాత్రం రాసుకుని పక్కింటికి పోయింది.

వేరేవాళ్లయితే అక్కడితో వదిలేసేవారు. రామవ్వ ఆ పొద్దంతా బీడీలు చుట్టలేదు. కుడిచేతి వేళ్లు ఎడమ మణికట్టు మీద ఆనించి కూర్చుంది. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట, చూడకుండా చేత్తోనే లెక్క తెలిసే మనిషి ఆమె. మాట్లాడుతూ చుట్టినా ఇరవై ఆరోది కట్టలోకి పోదు. అలాంటి చేతికి తన నాడి లెక్క దొరకలేదు. రెండు గబగబా కొట్టుకుంటుంది, ఒకటి మాయమవుతుంది, ఇంకో మూడు తోసుకుంటూ వస్తాయి. కొన్నాళ్లుగా మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఛాతీలో ఏదో కొట్టుకుంటున్నట్టు ఉండడం ఆమెకు తెలుసు. వయసనుకుంది. ఇప్పుడు మిషను కూడా చెబుతున్నదంటే మిషనుకు ఏదో తెలుసు.

రెండో రోజు ఆధార్ కార్డు కొంగున కట్టుకుని కామారెడ్డి బస్సెక్కింది. ఆడవాళ్లకు టికెట్ లేని బస్సు, సీటు కూడా లేదు. తాడ్వాయి దాకా నిలబడే పోయింది. కామారెడ్డిలో గుండె డాక్టరు అభిలాష్ నిండా నలభై ఏళ్లు లేనివాడు, మాట మెత్తన, తీరిక తక్కువ. ఛాతీకి వైర్లు తగిలించి కాయితం తీయించాడు. గీతలు ఒకదానికొకటి దూరం తప్పి ఉన్నాయి. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతున్నాయని చెప్పాడు. అలా వణికినప్పుడు లోపల రక్తం నిలిచిపోయి గడ్డ కడుతుంది, ఆ గడ్డ కదిలి మెదడుకు పోతే కాలో చెయ్యో పడిపోతుంది.

"మా ఈరవ్వక్కకు అయినట్టా?" అని అడిగింది రామవ్వ.

ఈరవ్వ ఎవరో ఆయనకేం తెలుసు. అట్లా కావచ్చమ్మా అన్నాడు. రామవ్వ తన కుడి చేతి వంక చూసుకుంది. నలభై ఆరేళ్లుగా ఇంటిని నడిపిన చెయ్యి అది. బొటనవేలి గోరు దారం కోతలకు గీతలు పడి ఉంది. అది ఒక మధ్యాహ్నం ఆకు జారవిడిచి ఊరికే ఒళ్లో పడి ఉంటుందన్న ఊహ రాగానే ఆమె దాన్ని కొంగులో దాచుకుంది. జీవితంలో మొదటిసారి ఒక జవాబుకు భయపడింది.

డాక్టరు రెండు రకాల గోలీలు రాశాడు. ఒకటి గుండె వేగాన్ని పట్టుకోవడానికి, ఇంకోటి రక్తం గడ్డకట్టకుండా పలుచగా ఉంచడానికి. ఈ రెండోది ఒక్క పూట కూడా మానొద్దని గట్టిగా చెప్పాడు. తర్వాత నోరు తెరవమని లైటు వేసి చూసి మొహం చిట్లించాడు. పండ్ల డాక్టరుకు చూపించుకో, చిగుళ్లు బాగా చెడిపోయాయి, ఈ గుండె జబ్బుకూ దానికీ సంబంధం ఉందంటున్నారు అన్నాడు. రామవ్వ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"ఇగుర్లకు గుండెకు ఏం పొత్తు సారూ?"

బయట నలభై మంది ఉన్నారు. అది మీ ఊరి పండ్ల డాక్టరమ్మనే అడుగు, బాగా చెబుతుంది అని ఆయన గంట కొట్టాడు. రామవ్వ తిరుగు బస్సులో లింగంపేట దాటేదాకా ఆ మాటనే నమిలింది. పన్ను సలిపితే చెవి గుంజుతుంది, తల నొస్తుంది, అవి పక్కపక్కన ఉన్నవి కాబట్టి సరే. గుండె ఎక్కడ, దవడ ఎక్కడ? నడుమ మెడ లేదా?

ఎల్లారెడ్డిలో పండ్ల డాక్టరు సాయిలత ముప్పై ఏళ్ల పిల్ల. ప్రశ్నలడిగేవాళ్లంటే ఇష్టం ఉన్న మనిషి, ఆ ఊళ్లో అలాంటి డాక్టరు దొరకడం రామవ్వ అదృష్టం. సన్నని పుల్లలాంటి పనిముట్టుతో పన్నుకూ చిగురుకూ మధ్య కొలిచింది. ఒక్కో పంటి దగ్గర పుల్ల లోపలికి దిగుతూనే ఉంది. అద్దం చేతికిచ్చి, అవ్వా నువ్వే చూడు అంది. రామవ్వ తన చిగుళ్లను అంత దగ్గరగా చూడడం అదే మొదలు. నల్లగా, పంటిని వదిలేసి కిందికి జారిన చిగుళ్లు. వేలితో నొక్కితే సందులోంచి చీము వచ్చింది.

ఏం పెట్టి తోముకుంటావని సాయిలత అడిగితే, పొడి ఎలా చేస్తుందో రామవ్వ మంగలం దగ్గర్నుంచి పటిక దాకా సంతోషంగా చెప్పింది. చెబుతూ ఉండగానే ఆ పిల్ల మొహం మారడం చూసి నిదానంగా ఆగింది.

తంబాకు నొప్పి తెలియకుండా చేస్తుంది గానీ రోగాన్ని ఆపదని, అది చిగురును తినేస్తుందని, పైగా రక్తం కారకుండా పట్టి ఉంచి రోగం లేనట్టే చూపెడుతుందని సాయిలత చెప్పింది. పన్నుకూ చిగురుకూ మధ్య సంచుల్లాగా ఏర్పడి అందులో క్రిములు కాపురం పెడతాయి. నమిలిన ప్రతిసారీ వాటిలో కొన్ని నెత్తుట్లో కలుస్తాయి. వాటితో పోట్లాడీ పోట్లాడీ ఒళ్లంతా లోపల వాపుగా ఉంటుంది. అలా ఏళ్ల తరబడి జరిగితే గుండె గదుల గోడ కూడా కొంత గట్టిపడి, అందులో నడిచే కరెంటు దారి తప్పుతుందేమోనని పెద్ద డాక్టర్లు అనుకుంటున్నారు. చిగుళ్ల జబ్బు బాగా ఉన్నవాళ్లలో ఈ లయ తప్పడం ఎక్కువగా కనబడిందట. గుండె గోడలో నోటి క్రిముల ఆనవాళ్లు కూడా దొరికాయట. అయినా ఇదే దానికి కారణమని ఇంకా ఎవరూ తేల్చలేదు.

రామవ్వ అద్దం దించింది.

"మడి గట్టుకు ఎండ్రికాయ బొక్క చేసినట్టన్నమాట. నీళ్లు మన మడిల్నే పోతున్నయనుకుంటం. కింది మడి ఆగమైతది."

అంతకంటే బాగా తాను కూడా చెప్పలేనని సాయిలత ఒప్పుకుంది. పొడి మానేయాలి, మెత్తటి బ్రష్షుతో తోమాలి, సంచులన్నీ లోపలిదాకా శుభ్రం చేయాలి. అయితే రక్తం పలుచబడే గోలీ వేసుకుంటున్నది కాబట్టి శుభ్రం చేయవచ్చని గుండె డాక్టరు చిట్టీ రాసియ్యాలి. చిట్టీ తెస్తే మరునాడే మొదలుపెడతానంది.

మళ్లీ కామారెడ్డి. అభిలాష్ సారు హైదరాబాద్ పోయాడు, వచ్చే వారం రమ్మన్నారు. వచ్చే వారం పోతే ఆ రోజు సారు పెద్ద కేసులో ఉన్నాడు, పండ్ల చిట్టీ సంగతి సోమవారం చూద్దామన్నారు. సోమవారం పోతే సారు రానేలేదు. ఆ బస్సులో ఆమెను గుర్తుపట్టి కండక్టరు పలకరించడం కూడా మొదలైంది. చిట్టీ మాత్రం రాలేదు.

ఈలోగా ఇంట్లో ఇంకో ముచ్చట జరుగుతున్నది. రామవ్వ పొడి మానేసి బ్రష్షు పట్టుకుంది. మానేసిన వారానికి చిగుళ్ల నుంచి రక్తం మొదలైంది. పొడి వాడినన్నాళ్లు చుక్క కారలేదు. ఇప్పుడు తోమితే రక్తం, మక్క గారె కొరికితే రక్తం, పొద్దున లేస్తే దిండు మీద మరక. గల్లీ ఆడవాళ్లు గచ్చు మీద కూర్చుని తలా ఒక తీర్పు చెప్పారు. పొడి మంచిదే, మానడం వల్లే ఇదంతా అని కొందరు, గోలీల వేడి అని కొందరు. రామవ్వ ఎవరి మాటా వినలేదు, తన బుర్రతోనే ఆలోచించింది. ఆలోచించే తప్పు చేసింది. రక్తం పలుచబడే గోలీ, రక్తం కారుతున్నది. గోలీ కొన్నాళ్లు ఆపితే రక్తం ఆగుతుంది, ఆగినంక చిగుళ్లు మానతాయి, మానినంక గోలీ మళ్లీ వేసుకోవచ్చు. మెట్టు మీద మెట్టు సరిగ్గానే పేర్చింది, మొదటి మెట్టే గాల్లో ఉంది. ఒక్క పూట కూడా మానొద్దన్న మాట గుర్తుండగానే డబ్బా తీసి పైగూట్లో పెట్టింది.

ఇంకో సంగతి చెప్పాలి, చెప్పడానికి నాకు కూడా బాధగానే ఉంది. తాను పొడి మానేసిన రోజునే ఈరవ్వకు కూడా ఒక బ్రష్షు కొనుక్కుపోయింది. ఈరవ్వ పళ్లు బిగించుకుని కూర్చుంది, ప్లాస్టిక్ పుల్ల నోట్లో పెట్టనియ్యనంది, పొడి రాయకపోతే అన్నం ముట్టనని ఏడ్చింది. రామవ్వ మెత్తబడింది. పడిపోవాల్సిన చెయ్యి ఎలాగూ పడిపోయింది, ముసలి ప్రాణానికి ఉన్న సుఖం ఒక్కటి, ఎందుకు తీసేయడం అనుకుంది. అలా రోజూ పొద్దున తన నోట్లో బ్రష్షు ఆడించి, అదే చేత్తో ఈరవ్వ చిగుళ్లకు నల్లపొడి రాసి వచ్చేది. లోకాన్నంతా నిలదీసి అడిగే మనిషి ఆ గోడ దగ్గరికి రాగానే అడగడం మరిచిపోయింది.

గోలీ ఆపిన తొమ్మిదో రోజు పదకొండు గంటలవేళ రామవ్వ గచ్చు మీద ఆకు కత్తిరిస్తున్నది. కత్తెర చేతిలోంచి జారి చాటలో పడింది. తీయబోయింది. చెయ్యి పోలేదు. భుజం కదులుతున్నది, మోచేయి కదులుతున్నది, వేళ్లు మాత్రం ఎవరివో అయినట్టు ఊరికే ఉన్నాయి. పర్శరాములును పిలిచింది. పేరు పెట్టి ఎన్నడూ పిలవని మనిషి పేరు పెట్టి పిలిచింది, అది కూడా ముద్దముద్దగా వచ్చింది. ఆ రోజు మిల్లు బందు కాబట్టి ఆయన ఇంట్లోనే ఉన్నాడు. వచ్చి చూశాడు. ఫ్యాను ఆగితే ఆగిందనే ఆ మనిషి చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి ఉరికి ఆటో ఆపాడు.

కామారెడ్డి దారిలో లింగంపేట చేరేలోపే వేళ్లు తిరిగొచ్చాయి. ముందు చిటికెనవేలు, తర్వాత తక్కినవి. రామవ్వ వాటిని ఒక్కొక్కటిగా ముడిచి విప్పి చూసుకుంటూ, దారి పొడుగునా ఏడ్చింది. పర్శరాములు ఆ చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని దవాఖాన దాకా వదల్లేదు.

తల స్కానింగు తీశారు. ఏమీ మిగల్లేదు, గడ్డ వచ్చి తనకు తానే కరిగిపోయినట్టుందని చెప్పి, గోలీ సంగతి విని అభిలాష్ మండిపడ్డాడు. ఇది చివరి హెచ్చరిక అనుకో, ఇంకోసారి ఇలా వదిలిపెట్టి పోదు అన్నాడు. రామవ్వ తల వంచుకుని అంతా విన్నది. ఆయన ఆగిన తర్వాత తలెత్తింది.

"నాది తప్పే సారూ. కాని గోలీ మీరిచ్చిండ్రు, నెత్తురు పండ్లకెళ్లి వచ్చింది. మీరేమో పండ్లామెను అడుగుమంటరు, ఆమె మీ చిట్టీ తెమ్మంటది. మూడుసార్లు తిరిగిన. నడుమ నాకు తెలిసిన కాడికి నేను చేసుకున్న."

అని ఫోన్లో సాయిలత నంబరు కలిపి, ఆయన చేతికిచ్చింది.

"మీరిద్దరు మాట్లాడుకోండ్రి. నేను బయట కూసుంట."

నిజంగానే లేచి బయటికి పోయి బల్ల మీద కూర్చుంది. లోపల ఇద్దరు డాక్టర్లు నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నారు. నెలన్నరగా రెండు ఊళ్ల మధ్య తిరిగినా తెగని ముడి నాలుగు నిమిషాల్లో విడిపోయింది. అభిలాష్ ఆమెను లోపలికి పిలిచి, కొంచెం సిగ్గుపడుతూనే, ఈసారి కుర్చీ చూపించి వివరంగా చెప్పాడు. గోలీ ఆపనక్కర్లేదు. ఒక్కోసారి నోట్లో ఒక భాగం చొప్పున శుభ్రం చేస్తారు. తంబాకు మానేసిన కొత్తలో చిగుళ్ల నుంచి రక్తం కారడం మామూలే, అంతకాలం తంబాకు దాన్ని దాచిపెట్టింది. శుభ్రపడితే నెల, నెలన్నరలో ఆగిపోతుంది.

అలాగే జరిగింది. నాలుగుసార్లు సాయిలత కుర్చీలో కూర్చుంది. పూర్తిగా కదిలిపోయిన పన్ను ఒకటి తీసేశారు, చాలాసేపు దూది అదిమి పట్టుకోవలసి వచ్చింది, అంతే. మధ్యలో ఒకసారి కామారెడ్డి పోయి మళ్లీ గుండె కాయితం తీయించుకుంటే గీతల మధ్య దూరం సమంగా ఉంది. పండ్లు బాగు చేసుకున్నందుకేనా అని అడిగితే, గోలీల వల్ల కావచ్చు, పండ్ల వల్ల కావచ్చు, ఈ జబ్బు వస్తూ పోతూ కూడా ఉంటుంది, నాకు తెలియదు అన్నాడు డాక్టరు. ముందు చిగుళ్లు చెడి గుండె చెడుతుందా, రెండింటినీ చెడగొట్టేది ఇంకేదన్నా ఉందా అని అడిగింది. దేశదేశాల డాక్టర్లు ఇప్పుడు అదే అడుగుతున్నారవ్వా అని ఆయన నవ్వాడు. తనకొచ్చిన ప్రశ్నే అంత పెద్దవాళ్లకు కూడా వచ్చిందని విన్నప్పుడు రామవ్వకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇంటికొచ్చి పర్శరాములుకు రెండుసార్లు చెప్పింది.

నాలుగోసారి సాయిలత దగ్గరికి పోయినప్పుడు పని అయిపోయింది. చిగుళ్లు చీము పోయి పంటిని పట్టుకున్నాయి. ఆ పిల్ల చేతులు కడుక్కుంటూ, ఇంట్లో ఇంకెవరన్నా ఆ పొడి వాడుతున్నారా అని మామూలుగా అడిగింది. గల్లీలో ఇరవై ఇండ్లు అని చెప్పి, చెబుతూనే రామవ్వ ఆగిపోయింది. మొదటిరోజు అద్దంలో చూసుకున్న చిగుళ్లు గుర్తొచ్చాయి. అలాంటి చిగుళ్లనే రెండేళ్లుగా రోజూ తన వేలితో తడుముతున్నది. వేలికి తెలుసు, తనకు తెలియలేదు.

"బిడ్డా, మా ఈరవ్వక్క నా పొడి ఇరవై ఏండ్లు పెట్టింది. ఆమెకు చెయ్యి పడిపోయింది గా పొడితోనేనా?"

సాయిలత నీళ్ల నల్లా కట్టేసింది. ఆమెకు బీపీ ఉందా అని అడిగింది. ఉంది. ఎప్పుడన్నా గుండె కాయితం తీశారా? పక్షవాతం వచ్చినప్పుడు తీశారేమో, ఎవరూ చెప్పలేదు అంది రామవ్వ. అయితే ఎన్నో కారణాలుంటాయి, ఫలానా పొడి వల్లనే అని ఏ డాక్టరూ చెప్పలేడు అంది సాయిలత.

"కాదని చెప్తవా?"

ఆ పిల్లకు అబద్ధం చెప్పడం చాతకాదు. కాదని కూడా చెప్పలేనవ్వా అంది. ఈరవ్వను తీసుకురమ్మంది, గుండె కూడా చూపించమంది, ఇప్పుడన్నా ఆపితే ఇంకోసారి రాకుండా మేలు జరగవచ్చంది. ఇంకోసారి కూడా రావచ్చన్న సంగతి రామవ్వకు అప్పుడే తట్టింది. పడిపోవాల్సిన చెయ్యి పడిపోయిందనుకుంది గానీ ఈరవ్వకు ఇంకో చెయ్యి ఉంది.

ఇంటికి పోయి డబ్బాలోని పొడినంతా గల్లీ అందరూ చూస్తుండగానే మోరీలో పోసింది. ఎందుకని అడిగినవాళ్లకు రేపు చెబుతానంది. నేరుగా ఈరవ్వ ఇంటికి పోయి ఆమె మంచం పక్కన కింద కూర్చుంది. వినీత చాట ముందేసుకుని గడపలో ఉంది. రామవ్వ ఏదీ దాచలేదు. చిగుళ్లలోని సంచుల నుంచి గుండె గదుల దాకా, అక్కడి నుంచి మెదడు దాకా, తనకు తెలిసిన దారంతా చెప్పింది. పొడి వల్లనే అని డాక్టరు అనలేదని చెప్పింది. కాదని కూడా అనలేదని చెప్పింది. అది చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, అయినా చెప్పింది. చెప్పి ఏడ్చింది.

ఈరవ్వ ఎడమచేత్తో కుడిచేతిని తీసి ఒళ్లో సర్దుకుంది.

"నీకు ఎరుకై ఎన్నొద్దులైతుంది?"

"నాకు మంచిది గాదని ఎరుకై మూడు నెల్లు దాటింది. నీ సంగతి ఇయ్యాల్నే అడిగిన అక్కా."

"మూడు నెల్లు నీ నోట్లె బ్రష్షు, నా నోట్లె పొడి," అంది ఈరవ్వ.

నువ్వే కదా బ్రష్షు వద్దని ఏడ్చావని రామవ్వ అనవచ్చు. అనాలని నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఈరవ్వ గోడవైపు తిరిగి పడుకోవడం చూసి, అనకుండా లేచి వచ్చింది. సోమవారం అత్తమ్మను కామారెడ్డి తీసుకుపోతా అని వినీత గడపలో మెల్లగా చెప్పింది.

మరునాడు పొద్దున పోవాలా వద్దా అని రామవ్వ చాలాసేపు వాకిట్లో నిలబడింది. పోయేసరికి ఈరవ్వ గోడకు ఆనుకుని తానే లేచి కూర్చుని ఉంది. మూడు నెలలుగా గూట్లో పడి ఉన్న బ్రష్షు ఎడమచేతిలో ఉంది. అది పంటికి తగలడం లేదు, చెంపకు తగులుతున్నది, పేస్టు నురుగు గదవ మీదుగా కారి చీర మీద పడుతున్నది. చూడలేక రామవ్వ దగ్గరికి పోయి బ్రష్షు అందుకోబోయింది. ఈరవ్వ పెదవులు బిగించి మొహం పక్కకు తిప్పుకుంది.

రెండేళ్లు ఏ మొహమాటం లేకుండా తన వేలికి తెరుచుకున్న నోరు అది. రామవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏం చేయాలో తెలియక చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన నిలబడింది. ఈరవ్వ తోముకున్నంతసేపు తోముకుంది, తోమడం అయినంక చెంబు వైపు చూసింది. రామవ్వ వంగి నీళ్లు పోస్తే పుక్కిలించి ఉమ్మింది. నీళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. ఈరవ్వ వాటి వంక చూసింది.

"గిది ఎన్నొద్దులు వస్తది?"

"నెల పొద్దు. నాకు గట్లనే వచ్చింది. తర్వాత ఆగుతది."

"అయితె నెల పొద్దు రా. నీళ్లు పొయ్యి," అంది ఈరవ్వ. "నోట్లె మాత్రం చెయ్యి పెట్టకు."

రామవ్వ సరేనని మళ్లీ చెంబు వంచింది.